ద్రవం లేని లిథియం బాటరీ

హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోయే జాతీయ రహదారి మీద, మహబూబ్‌నగర్ పట్టణానికి సమీపంలో దివిటిపల్లి అనే గ్రామం ఉన్నది. చుట్టుప్రక్కలంతా మెట్ట పొలాలు, రాళ్ళ గుట్టలు. 2023 మే 6వ తేదీన ఇక్కడ లిథియం ఘటాలను తయారుచేసే పెద్ద కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అంతకు కొద్ది నెలల ముందు, 2022 డిసెంబరులో, అమర రాజా సంస్థకూ తెలంగాణ ప్రభుత్వానికీ ఇందుకు ఒప్పందం కుదిరింది. పది సంవత్సరాలలో 9,500 కోట్ల రూపాయలు వెచ్చించి, ఏటా 16 గిగావాట్ గంటల శక్తిని నిలువచేయగల ఘటాలను తయారుచేసే స్థితికి రావాలన్నది ఆనాడు ప్రకటించిన లక్ష్యం. ఒక గిగావాట్ గంట అనగా ఇంటి మీటరు లెక్కలో పది లక్షల యూనిట్లు. ఒక విద్యుత్ స్కూటరు బాటరీలో 3 యూనిట్లు పడతాయనుకుంటే, ఈ ఘటాలతో ఏటా యాభై లక్షలకు పైగా స్కూటర్లను నడపవచ్చును.

ఇట్టి స్కూటర్లు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పల్లెలకు కూడా చేరుకున్నవి. రాత్రివేళ బాటరీని ఇంట్లోనే గోడవారగా పెట్టి చార్జి చేసుకొనేవారు ఎందరో ఉన్నారు. కాని 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇట్లా ఇంట్లో చార్జి అవుతున్న బాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ ద్విచక్ర వాహనాల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచినప్పుడు, పై అంతస్తుల హోటలులో బసచేసిన 8 మంది మరణించారు. కేంద్ర ప్రభుత్వం వాహనాల బాటరీలకు కఠినమైన పరీక్షలను నిర్ణయించి, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి రెండు దశలలో అమలులోనికి తెచ్చింది.

పరీక్షలు అవసరమే. అయితే శాస్త్రజ్ఞులు అంతకంటె లోతైన ప్రశ్న ఒకటి వేసుకున్నారు. బాటరీలో తేలికగా మండే వస్తువు ఏది? దానిని అసలే తీసివేసి, దాని స్థానంలో మరొకటి పెట్టడానికి వీలు లేదా? ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినవే పాలిమర్ విద్యుద్విశ్లేష్యాలు.

ఘటం పనిచేసే తీరు

ఏ విద్యుత్ ఘటంలోనైనా మూడు ముఖ్య భాగాలు ఉంటాయి: ఋణ ధ్రువం, ధన ధ్రువం, వాటి నడుమ విద్యుద్విశ్లేష్యం. లిథియం అయాన్ ఘటంలో ఋణ ధ్రువం సాధారణంగా గ్రాఫైటు. ధన ధ్రువం లిథియం గల ఏదో ఒక ఆక్సైడు గాని, లిథియం ఇనుప ఫాస్ఫేటు గాని అయి ఉంటుంది. ఘటం నుంచి విద్యుత్తును వాడుకొనేటప్పుడు లిథియం పరమాణువులు గ్రాఫైటు పొరల సందులలో ఎలక్ట్రానులను విడిచి ధన అయానులవుతాయి. ఎలక్ట్రానులు బయటి తీగ గుండా పోయి మోటారును తిప్పుతాయి. అయానులు లోపలి విద్యుద్విశ్లేష్యం గుండా ఈది ధన ధ్రువం చేరుకుంటాయి. చార్జి చేసేటప్పుడు రెండూ వెనుకకు వస్తాయి.

కాబట్టి విద్యుద్విశ్లేష్యం రెండు పనులను ఒకేసారి చేయాలి. అయానులను పోనివ్వాలి, ఎలక్ట్రానులను పోనివ్వరాదు. ఎలక్ట్రానులు కూడా లోపలి దారినే పట్టాయంటే బయటి తీగకు పని ఉండదు. ఘటం లోలోపలే కాలిపోతుంది.

కారుకు వాడే సీసపు బాటరీలో విద్యుద్విశ్లేష్యం గంధకామ్లం కలిసిన నీరు. అది మండదు. కాని లిథియం నీటితో తీవ్రంగా చర్య జరుపుతుంది. పైగా 3 వోల్టులు మించిన ఘటంలో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులవుతుంది. అందుచేత లిథియం ఘటాలలో నీటికి బదులు కార్బొనేటు జాతికి చెందిన కర్బన ద్రావణులను వాడి, వాటిలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు అనే లవణాన్ని కరగిస్తారు. 1991లో జపానులో సోనీ సంస్థ తొలి లిథియం అయాన్ బాటరీని అమ్మకానికి తెచ్చిన నాటి నుంచీ ఈ ఏర్పాటే సాగుతూ వచ్చింది. ఈ బాటరీకి పునాదులు వేసినందుకు జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం లభించింది.

ప్రమాదం ఎక్కడ ఉన్నది?

ఈ ద్రావణులలో ఒకటి డైమిథైల్ కార్బొనేటు. దాని ఆవిరి సుమారు 17 సెంటిగ్రేడు డిగ్రీల వద్దనే, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. నల్గొండలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నవి. ఘటం మూత గట్టిగా బిగించి ఉన్నంతకాలం భయం లేదు. లోపల వేడి పుట్టి మూత తెగినప్పుడే ప్రమాదం.

వేడి ఎట్లా పుడుతుంది? ఎక్కువ చార్జి చేయటం వల్ల గాని, దెబ్బ తగలటం వల్ల గాని, తయారీ లోపం వల్ల గాని రెండు ధ్రువాలు లోపల తాకితే ఆ చోట మిక్కిలి విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉష్ణోగ్రత సుమారు 90 డిగ్రీలకు చేరగానే గ్రాఫైటు మీద ఉన్న సన్నని రక్షణ పొర చెడటం మొదలవుతుంది. అది మరికొంత వేడిని పుట్టిస్తుంది. 135 డిగ్రీల ప్రాంతంలో ధ్రువాలను వేరుచేసే పాలిథీన్ పొర కరుగుతుంది. ఇంకా పైన కొన్ని రకాల ఆక్సైడు ధ్రువాలు ఆక్సిజన్‌ను విడుస్తాయి. ఇంధనం, ఆక్సిజన్, వేడి మూడూ ఒకే డబ్బాలో కలుసుకుంటాయి. ప్రతి చర్యా తరువాతి చర్యను రగిలిస్తుంది కనుక దీనిని నీళ్ళు పోసి వెంటనే ఆర్పటం కష్టం.

ద్రవంలోని లవణం వల్ల మరొక చిక్కు కూడా ఉన్నది. అది వేడికి, తేమకు విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడు అనే విషవాయువును ఇస్తుంది. నేల నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన నల్గొండ జిల్లాకు ఫ్లోరిన్ పేరు కొత్తది కాదు. ఆ నీటిని పటిక, సున్నాలతో శుద్ధిచేసే ‘నల్గొండ పద్ధతి’ ఈ జిల్లా పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. కాలుతున్న బాటరీ పొగను పీల్చరాదనటానికి ముఖ్య కారణాలలో ఈ వాయువు ఒకటి.

ఘనపదార్థంలో అయాను ప్రయాణం

ద్రవానికి బదులు ప్రవహించని, ఆవిరి కాని ఘనపదార్థాన్ని పెడితే? ఉప్పు గడ్డ గుండా విద్యుత్తు పోదనీ, కరిగించిన ఉప్పు గుండా పోతుందనీ పాఠశాలలో చెబుతారు. మరి ఘనపదార్థంలో అయాను ఎట్లా కదులుతుంది?

1973లో ఇంగ్లాండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయంలో పీటర్ రైట్, ఆయన సహచరులు పాలీ ఇథిలీన్ ఆక్సైడు అనే పాలిమర్‌లో క్షారలోహ లవణాలు కలిసిపోవటాన్ని గమనించారు. 1978లో ఫ్రాన్సుకు చెందిన మిషెల్ ఆర్మాన్ ఈ మిశ్రమాన్ని బాటరీలో విద్యుద్విశ్లేష్యంగా వాడవచ్చునని సూచించారు. అప్పటినుండి ఈ రంగంలో ఎడతెగని పరిశోధన జరుగుతున్నది.

పాలిమర్ అనగా చిన్న అణువులు వేలకొలది ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడిన పొడవాటి గొలుసు. పాలీ ఇథిలీన్ ఆక్సైడు గొలుసులో రెండు కర్బన పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు వరుసగా తిరిగి తిరిగి వస్తాయి. ఆక్సిజన్ పరమాణువులకు ధన అయానుల మీద ఆకర్షణ ఎక్కువ. అయిదారు ఆక్సిజన్‌లు కలిసి ఒక లిథియం అయానును చుట్టుముట్టి పట్టుకుంటాయి. అందువల్లనే లవణం పాలిమర్‌లో కరుగుతుంది.

పట్టుకున్న అయాను ముందుకు పోయే విధానం తెలుసుకోవటానికి పాలమూరు కూలీల పనిని తలచుకుంటే చాలును. ఆనకట్టలు, చెరువులు కట్టటంలో పేరుపొందిన ఈ జిల్లా కూలీలు వరుసగా నిలబడి, కాంక్రీటు తట్టను ఒకరి చేతినుండి ఒకరు అందుకుంటారు. ఎవరూ తమ చోటు విడిచి పోరు. అయినా తట్ట ఈ చివరినుంచి ఆ చివరకు చేరుతుంది. ప్రతి కూలీ నడుము వంచి, చేయి చాచి, ప్రక్కకు తిరగాలి. పాలిమర్ గొలుసు కూడా అంతే. అది చోటు వదలదు. కాని దాని ముక్కలు అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆ ఊపులో లిథియం అయాను ఒక ఆక్సిజన్ గుంపు చేతినుండి మరొక గుంపు చేతిలోనికి మారుతుంది.

కూలీలు కదలక కర్రల్లా బిగుసుకొని నిలబడితే తట్ట ఆగిపోతుంది. పాలీ ఇథిలీన్ ఆక్సైడులో జరిగే చిక్కు సరిగా ఇదే. సాధారణ ఉష్ణోగ్రతలో దాని గొలుసులలో అధికభాగం మడతలు పడి, వరుసగా పేర్చుకొని స్ఫటికాలుగా బిగుస్తాయి. స్ఫటికం కాని మెత్తని భాగంలోనే అయానులు ముఖ్యంగా ప్రయాణం చేస్తాయని 1983లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరమాణు కేంద్రక అయస్కాంత అనునాద పద్ధతితో నిరూపించారు. ఈ స్ఫటికాలు సుమారు 65 డిగ్రీల వద్ద కరుగుతాయి. అప్పుడు గాని పొర చక్కగా పనిచేయదు. నల్గొండ ఎండ ఎంత తీవ్రమైనా ఈ ఉష్ణోగ్రతకు చాలదు.

ఒక చిన్న లెక్క

ఈ భేదం ఎంతటిదో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. వాహకత్వాన్ని సెంటీమీటరుకు ఇన్ని సీమెన్‌లని చెబుతారు. ఓమ్‌కు విలోమమైనది కనుక పూర్వపు పుస్తకాలలో దీనినే ‘మో’ అనేవారు. ద్రవ విద్యుద్విశ్లేష్యపు వాహకత్వం సుమారు నూరింట ఒక వంతు సీమెన్. పాలీ ఇథిలీన్ ఆక్సైడు పొరకు 25 డిగ్రీల వద్ద అది పది లక్షలలో ఒక వంతు మాత్రమే, లేదా అంతకంటె తక్కువ.

పొర మందం సెంటీమీటరులో 200వ వంతు, వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు అనుకోండి. మందాన్ని వాహకత్వంతోనూ, వైశాల్యంతోనూ భాగిస్తే నిరోధం వస్తుంది. ద్రవానికి అర ఓమ్. పాలిమర్‌కు 5,000 ఓమ్‌లు. ఇప్పుడు ఒక మిల్లీ ఆంపియరు విద్యుత్తును పంపాలంటే, ఓమ్ నియమం ప్రకారం, ద్రవంలో వోల్టులో రెండువేలవ వంతు ఖర్చవుతుంది. పాలిమర్‌లో 5 వోల్టులు కావాలి. లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటం ఇచ్చేదే 3.4 వోల్టులు! అనగా ఆ ఘటం ఒక మిల్లీ ఆంపియరును సైతం ఈయలేదు. అదే పొరను 70 డిగ్రీలకు వేడిచేస్తే వాహకత్వం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. అవసరమయ్యేది వోల్టులో నూరవ వంతు చొప్పున మాత్రమే.

మెత్తదనానికీ గట్టిదనానికీ పోటీ

అయితే గొలుసులను ఎంత వీలైతే అంత మెత్తగా చేస్తే సరిపోతుంది కదా అని పాఠకులకు తోచవచ్చును. ఇక్కడనే అసలు చిక్కుముడి ఉన్నది.

ఘన విద్యుద్విశ్లేష్యం మీద ఇంత ఆశ ఉండటానికి భద్రత ఒక్కటే కారణం కాదు. గ్రాఫైటుకు బదులు లిథియం లోహపు రేకునే ఋణ ధ్రువంగా వాడటానికి అది వీలు కలిగించవచ్చును. ఒక గ్రాము గ్రాఫైటు 372 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తును దాచుకుంటే, ఒక గ్రాము లిథియం 3,860 దాచుకోగలదు, దాదాపు పదిరెట్లు. కాని చార్జి చేసేటప్పుడు లిథియం లోహం రేకు మీద సమానంగా పేరుకోదు. అక్కడక్కడ ముల్లువలె లేచి, తుమ్మకొమ్మవలె శాఖలు వేస్తూ పెరుగుతుంది. వీటిని డెండ్రైటులంటారు. ఒక్క ముల్లు అవతలి ధ్రువాన్ని తాకినా లోపల రెండు ధ్రువాలు కలిసిపోయినట్లే.

ముల్లును అడ్డుకోవాలంటే పొర గట్టిగా ఉండాలి. పొర దృఢతా గుణకం లిథియం లోహపు గుణకానికి సుమారు రెట్టింపు ఉండాలని 2005లో అమెరికాలో మన్రో, న్యూమన్ అనే ఇద్దరు లెక్కగట్టారు. మెత్తని పాలిమర్‌ల గుణకం దీనికి ఎంతో తక్కువ. అంటే అయాను పోవటానికి గొలుసు మెత్తగా ఉండాలి; ముల్లును ఆపటానికి పొర గట్టిగా ఉండాలి. ఒకటి సాధిస్తే రెండవది జారిపోతుంది. పాలిమర్ విద్యుద్విశ్లేష్యాలను మెరుగుపరచటానికి జరిగే ప్రయత్నాలలో ఎక్కువ భాగం ఈ ముడిని విప్పటానికి జరుగుతున్నవే.

మెరుగుపరచే మార్గాలు

మొదటి మార్గం, స్ఫటికాలు కట్టకుండా చూడటం. మిఠాయి చేసేవారు పంచదార పాకం తిరిగి పలుకులు కట్టకుండా అందులో నిమ్మరసం పిండుతారు. అట్లాగే పాలిమర్‌లో గొలుసుల వరుస చెదరగొట్టే పదార్థాలను కలుపుతారు. పెద్ద ఋణ అయాను గల లవణాన్ని ఎంచుకుంటే అదే కొంతవరకు ఈ పని చేస్తుంది. గొలుసులకు ప్రక్క కొమ్మలు పెట్టటం, అక్కడక్కడ ఒకదానితో ఒకటి ముడివేయటం మరికొన్ని ఉపాయాలు. ద్రవ ద్రావణినే కొంత కలిపి జెల్లీవలె చేస్తే వాహకత్వం బాగా పెరుగుతుంది. కాని తీసివేయదలచిన మండే ద్రవం వెనుక ద్వారం గుండా తిరిగి లోపలికి వచ్చినట్లవుతుంది.

రెండవ మార్గం, పింగాణీ జాతి నలుసులను కలపటం. 1998లో రోము నగరంలో స్క్రొసాతి బృందం టైటానియం ఆక్సైడు, అల్యూమినియం ఆక్సైడుల అతి సూక్ష్మమైన పొడిని పాలిమర్‌లో కలిపింది. ఒక్కొక్క నలుసు పరిమాణం మిల్లీమీటరులో లక్షవ వంతు ప్రాంతం. నలుసుల చుట్టూ గొలుసులు స్ఫటికంగా పేర్చుకోలేక మెత్తగానే మిగిలాయి. 30 డిగ్రీల వద్ద వాహకత్వం లక్షలో ఒక వంతు సీమెన్‌కు చేరింది. పై లెక్కలో 5 వోల్టులు అన్నచోట ఇప్పుడు అర వోల్టు చాలును. పొర మందాన్ని అయిదవ వంతుకు తగ్గిస్తే వోల్టులో పదవ వంతే చాలును. పైగా నలుసుల వల్ల పొర గట్టిపడుతుంది. లిథియం అయానులను తన గుండానే పోనిచ్చే గార్నెట్ జాతి పింగాణీని 2007లో జర్మనీలో మురుగన్, తంగదురై, వెప్నర్ ప్రకటించిన తర్వాత, దాని పొడిని కూడా పాలిమర్‌లో కలిపి చూస్తున్నారు. నలుసులు గుంపుకట్టి ఉండలు కాకుండా సమానంగా కలపటం ఇందులోని కష్టం.

మూడవ మార్గం, రెండు స్వభావాలు గల గొలుసులను ఒకదానికొకటి అతకటం. ఒక సగం గట్టి పాలిస్టైరీన్, రెండవ సగం మెత్తని పాలీ ఇథిలీన్ ఆక్సైడు అయితే, అవి నూనె నీళ్ళవలె విడిపోయి పొరలు పొరలుగా అమరుతాయి. గట్టి పొర గోడవలె నిలుస్తుంది. మెత్తని పొర కాలువవలె అయానులను పోనిస్తుంది. అమెరికాలోని బర్క్‌లీలో నితాశ్ బల్సారా బృందం ఈ దిశలో విశేషంగా కృషిచేసింది.

నాలుగవ మార్గం, ఋణ అయానులను కట్టివేయటం. సాధారణ పాలిమర్ పొరలో ప్రవహించే విద్యుత్తులో లిథియం వాటా సుమారు అయిదవ వంతే. మిగిలినది ఎదురుదిశలో పోయే ఋణ అయానులది. అవి ఒక వైపు పేరుకొని లిథియం కొరత కలిగిస్తాయి. కొరత గల చోటనే ముళ్ళు లేస్తాయి. ఋణ అయానును గొలుసుకే అతికివేస్తే లిథియం మాత్రమే కదులుతుంది. అయితే మొత్తం వాహకత్వం తరచు తగ్గిపోతుంది.

తెలుగునాట జరిగిన కృషి

ఈ విషయంలో తెలుగు ప్రాంతపు ప్రయోగశాలలు వెనుకబడిలేవు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య యు.వి. సుబ్బారావు, ఆయన సహచరులు 1990 దశకంలో పాలీ ఇథిలీన్ ఆక్సైడులో సోడియం నైట్రేటును కలిపి పొరలు తీశారు. పాలిమర్‌నూ లవణాన్నీ ద్రావణిలో కరగించి, గాజు పళ్ళెంలో పోసి, మామిడి తాండ్రవలె ఆరబెడితే పలుచని పొర వస్తుంది. ఆ పొరకు ఒకవైపు సోడియం లోహం, రెండవవైపు అయొడిన్, కర్బనాల మిశ్రమం పెట్టి చిన్న ఘటాలను తయారుచేసి పరీక్షించారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.వి.ఆర్. నరసింహారావు బృందం సోడియం, పొటాషియం లవణాలతో ఇట్టి పరిశోధనలే సాగించింది. లిథియం కంటె సోడియం చవుక. ఉప్పు ఉన్నచోటల్లా దొరుకుతుంది. కనుక ఆ కృషికి నేటికీ విలువ ఉన్నది. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంలో బి.వి.ఆర్. చౌదరి ఘనస్థితి అయాను శాస్త్రంలో దీర్ఘకాలం పనిచేసి, ఆసియా దేశాల శాస్త్రజ్ఞులను సదస్సుల ద్వారా ఒకచోటికి చేర్చారు.

ఘనమైనంత మాత్రాన క్షేమమా?

ఈ బాటరీలు ప్రయోగశాలకే పరిమితం కాలేదు. ఫ్రాన్సులో బొలొరే సంస్థ పాలిమర్ పొర, లిథియం లోహం, ఇనుప ఫాస్ఫేటు కలిపి బాటరీలు చేసింది. 2011 నుండి 2018 వరకు పారిస్‌లో అద్దెకిచ్చిన విద్యుత్ కార్లు వీటితోనే నడిచాయి. వీటిని ఎల్లప్పుడు వేడిగా ఉంచవలసి రావటం వల్ల, కారు నిలిచి ఉన్నప్పుడు కూడా కొంత విద్యుత్తు ఖర్చయ్యేది.

2022 ఏప్రిల్‌లో పారిస్ వీథులలో ఇదే జాతి బాటరీలు గల రెండు బస్సులు వేర్వేరు రోజులలో తగులబడ్డాయి. ఎవరికీ గాయాలు కాలేదు గాని, నగర రవాణా సంస్థ 149 బస్సులను కొంతకాలం ఆపివేసింది. పాలిమర్ కూడా కర్బన పదార్థమే. తగినంత వేడి తగిలితే అది కాలుతుంది. లిథియం లోహం కరిగి గాలి తగిలితే భగ్గుమంటుంది. పాలిమర్ కారిపోదు, సులభంగా ఆవిరి కాదు, అందువల్ల అంటుకొనే అవకాశం తగ్గుతుంది. అంతేగాని ‘ఘన బాటరీ మండనే మండదు’ అనటం సరికాదు. భద్రత అన్నది ఒక్క పదార్థం మీద కాక, ఘటం కూర్పు, చార్జరు, చల్లబరచే ఏర్పాటు, పరీక్ష అన్నిటిమీదా ఆధారపడి ఉంటుంది.

దివిటిపల్లికి దీనితో సంబంధం

2024 జూన్‌లో అమర రాజా సంస్థ లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటాల తయారీకి విదేశీ సాంకేతిక అనుమతిని పొందింది. ఆ పదార్థాన్ని 1997లో టెక్సాసులో గుడినఫ్‌తో కలిసి వెలికితెచ్చిన వారిలో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయులున్నారు. దానిలో ఆక్సిజన్ భాస్వరంతో గట్టిగా బంధింపబడి ఉండటం వల్ల వేడికి త్వరగా విడివడదు. హైదరాబాదులోని బాలాపూరు వద్దగల కేంద్రప్రభుత్వ చూర్ణ లోహశాస్త్ర పరిశోధన సంస్థ ఈ పదార్థాన్ని తయారుచేసే దేశీయ పద్ధతిని రూపొందించింది.

ఇట్టి ఘటాలలో వాడుక పద్ధతి ప్రకారం ఉండేది ద్రవ విద్యుద్విశ్లేష్యమే. అయితే పాలిమర్‌కు తగిన జోడి కూడా ఇనుప ఫాస్ఫేటే. పాలీ ఇథిలీన్ ఆక్సైడు సుమారు 4 వోల్టుల వద్ద ఆక్సీకరణం చెంది పాడవుతుంది. ఇనుప ఫాస్ఫేటు 3.4 వోల్టుల వద్దనే పనిచేస్తుంది. ఎక్కువ వోల్టులు గల నికెల్, కోబాల్టు ధ్రువాలతో ఈ పాలిమర్ నిలువదు.

2019లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్చర్ బృందం అయిదవ మార్గమొకటి చూపింది. డయాక్సలేన్ అనే పలుచని ద్రవాన్ని ఘటంలో పోసి, అందులోని లవణం సాయంతో అక్కడికక్కడే పాలిమర్‌గా గట్టిపడేటట్లు చేశారు. పెరుగు తోడుపెట్టినట్లే ఇదీ. ద్రవం ధ్రువాల రంధ్రాలలోనికి చక్కగా ఇంకి, తర్వాత బిగుసుకుంటుంది కనుక అంచుల వద్ద ఖాళీలు మిగలవు. ద్రవం పోయటానికి కట్టిన యంత్రాలనే చాలావరకు వాడుకొనే వీలున్నది. ద్రవ ఘటాలకోసం నిర్మించిన కర్మాగారాలకు ఈ మార్గం ప్రత్యేకంగా గమనింపదగినది.

తరగతి గదిలో ఒక ప్రయోగం

ప్రవహించని పదార్థం గుండా అయానులు పోగలవని ఉపాధ్యాయులు సులభంగా చూపవచ్చును. లిథియం బాటరీని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. చైనాగ్రాస్‌ను బాటరీలలో పోసే శుద్ధజలంలో మరగించి, రెండు గిన్నెలలో పోయాలి. ఒకదానిలో చెంచాడు ఉప్పు కలపాలి. బోరు నీటిలో సహజంగానే లవణాలుంటాయి కనుక శుద్ధజలమే వాడాలి. రెండూ గట్టిపడిన తరువాత, 9 వోల్టుల బాటరీ, 470 ఓమ్‌ల నిరోధం, చిన్న ఎల్.ఇ.డి. దీపం వరుసగా కలిపి, రెండు పెన్సిలు సీసాలను జెల్లీలో గుచ్చాలి. ఉప్పు లేని గిన్నెలో దీపం వెలగదు, లేదా మసకగా వెలుగుతుంది. ఉప్పు ఉన్న గిన్నెలో స్పష్టంగా వెలుగుతుంది. కొద్దిగా క్లోరిన్ వాయువు పుడుతుంది కనుక కిటికీలు తెరచి, కొద్దిసేపే చేయాలి. గిన్నెను తలక్రిందులు చేసినా జెల్లీ కారదు. అయినా లోపల అయానులు కదిలాయి. ఈ జెల్లీలో అయానులను మోసేది నీరే. ఆ నీరు కూడా లేకుండా, గొలుసుల ఊపుతోనే అయానులను నడిపించటం పాలిమర్ శాస్త్రజ్ఞుల పని.

దివిటీ వెలుగునిచ్చేది చమురును మండించి. దివిటీ పేరు మోసే ఊరిలో మొదలైన ఈ పరిశ్రమ మాత్రం ఏమీ మండకుండా వెలుగునిచ్చే ఘటాలమీద ఆధారపడి ఉన్నది. 65 డిగ్రీల వేడి కోరని, ముల్లుకు లొంగని పలుచని పాలిమర్ పొర చవుకగా చేతికి వచ్చిననాడు, గోడవారగా పెట్టిన బాటరీ గురించి ఇంటివారి భయం చాలావరకు తీరుతుంది. అంతవరకు బాటరీని నిద్రించే గదిలో, తలుపు దారిలో పెట్టి చార్జి చేయకపోవటం, దానితో వచ్చిన చార్జరునే వాడటం, ఉబ్బిన బాటరీని ముట్టకపోవటం ప్రతివారూ పాటింపవలసిన జాగ్రత్తలు.